పునాది రాయి బీఆర్ఎస్‌ది, భూమి పూజ కేంద్రానిది, హామీలు కాంగ్రెస్ చేతిలో.. పాలమూరు బ్యాటరీ ఫ్యాక్టరీ చెబుతున్న ఈవీ రాజకీయం

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నెంబర్ జాతీయ రహదారి మీద జడ్చర్ల దాటాక దివిటిపల్లి వస్తుంది. మహబూబ్‌నగర్ పట్టణానికి ఆనుకుని ఉన్న ఊరు. ఒకప్పుడు ఇక్కడి నుంచి జనం పని కోసం బొంబాయి బస్సెక్కేవాళ్లు. ఇప్పుడు అదే ఊరి పేరు దేశంలోని లిథియం అయాన్ బ్యాటరీ కేంద్రాల జాబితాలో వినిపిస్తోంది.

ఇక్కడి ప్రాజెక్టుకు ఒక విశేషం ఉంది. ఒప్పందం కుదిరింది, శంకుస్థాపన జరిగింది బీఆర్ఎస్ ప్రభుత్వంలో. ఇచ్చిన హామీలు నెరవేర్చాల్సింది కాంగ్రెస్ ప్రభుత్వం. పక్కనే ఉన్న క్లస్టర్‌కు పథకం ఇచ్చింది బీజేపీ నడుపుతున్న కేంద్రం. ఇక పెట్టుబడి పెట్టిన కుటుంబమేమో మొన్నటిదాకా ఆంధ్రాలో టీడీపీ రాజకీయాల్లో ఉంది. అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోని పెద్ద పార్టీల నీడ దాదాపు అన్నీ ఈ ఒక్క ఫ్యాక్టరీ మీద పడ్డాయన్నమాట.

ఎలక్ట్రిక్ వాహనాల మీద రాజకీయ చీలిక ప్రభావం అనగానే అందరికీ గుర్తొచ్చేది అమెరికా, ఎలాన్ మస్క్. మన దగ్గర కథ అలా లేదు. బండి కొనేవాడు పార్టీ చూసి కొనడం లేదు. కానీ బండిని, బ్యాటరీని తయారు చేసేవాళ్లు మాత్రం ఎవరు అధికారంలో ఉన్నారో చూసుకుని అడుగేయాల్సి వస్తోంది. ఈ తేడా అర్థమైతే పాలమూరు, నల్గొండ జిల్లాలకు ఈవీల వల్ల వచ్చేదేంటి, చేజారే ప్రమాదమున్నదేంటి అనేది కూడా అర్థమవుతుంది.

అమరరాజా తెలంగాణకు ఎందుకొచ్చింది?

అమరరాజా అంటే చిత్తూరు జిల్లా కంపెనీ. గల్లా రామచంద్ర నాయుడు 1985లో పెట్టారు. అమరాన్ బ్యాటరీలు వీళ్లవే. ఆయన భార్య గల్లా అరుణకుమారి ఉమ్మడి రాష్ట్రంలో కాంగ్రెస్ మంత్రిగా పనిచేశారు. 2014లో కుటుంబం టీడీపీ వైపు వచ్చింది. కొడుకు గల్లా జయదేవ్ 2014లో, 2019లో గుంటూరు నుంచి టీడీపీ ఎంపీగా గెలిచారు.

2019లో ఆంధ్రాలో ప్రభుత్వం మారింది. 2020 జూన్‌లో చిత్తూరు జిల్లాలో అమరరాజా గ్రూపునకు గతంలో ఇచ్చిన భూమిలో 253 ఎకరాలు వెనక్కి తీసుకుంటూ వైసీపీ ప్రభుత్వం జీవో ఇచ్చింది. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లి ప్లాంట్లను మూసేయాలని ఆదేశించింది. కార్మికుల రక్తంలో సీసం మోతాదు ఎక్కువగా ఉందని, చుట్టుపక్కల మట్టి, నీళ్లు కలుషితమయ్యాయని మండలి అంది. కంపెనీ ఒప్పుకోలేదు. వారం తిరగకముందే హైకోర్టు ఆ ఆదేశాలను నిలిపేసింది.

అప్పట్లో ఆంధ్రా రాజకీయం మొత్తం దీని చుట్టూ తిరిగింది. టీడీపీ ఎంపీ కంపెనీ కాబట్టే కక్ష సాధింపు అని ఒక వర్గం. ఎంపీ కంపెనీ అయితే కాలుష్యం చేయొచ్చా అని ఇంకో వర్గం. కంపెనీ వెళ్లిపోవడం కాదు, కాలుష్యం వల్ల ప్రభుత్వమే వెళ్లమంటోందన్న అర్థంలో సజ్జల రామకృష్ణారెడ్డి 2021 ఆగస్టులో చేసిన వ్యాఖ్యలు పెద్ద దుమారం లేపాయి.

నిజానికి ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీల ప్లాంట్‌లో సీసం కాలుష్యం నిజమా కాదా? ఇది ఒక ప్రశ్న, దీనికి జవాబు ల్యాబ్‌లో దొరకాలి. ప్రభుత్వం కంపెనీని రాజకీయంగా టార్గెట్ చేసిందా? ఇది ఇంకో ప్రశ్న. ఈ రెండూ కలిసిపోయాక మొదటి ప్రశ్నకు జవాబు ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. పార్టీని బట్టి నమ్మకం ఏర్పడింది. ఈ చీలికలో ఎక్కువ నష్టపోయింది ప్లాంట్ పక్కన ఉండే జనం, అందులో పనిచేసే కార్మికులు. వాళ్ల రక్త పరీక్షల గురించి మాట్లాడినా అది ఒక పార్టీ మాటే అయిపోయింది.

2022 డిసెంబర్ 2న అమరరాజా తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి. 16 గిగావాట్ అవర్ల సెల్ తయారీ, 5 గిగావాట్ అవర్ల బ్యాటరీ ప్యాక్ తయారీ సామర్థ్యం. నేరుగా 4,500 ఉద్యోగాలు వస్తాయని, పరోక్షంగా మరిన్ని వస్తాయని అప్పట్లో చెప్పారు. సొంత జిల్లాను కాదని పొరుగు రాష్ట్రానికి ఎందుకెళ్లారనే దానికి కంపెనీ వ్యాపార కారణాలే చెప్పింది. జనం మాత్రం తమకు తోచిన కారణం చెప్పుకున్నారు.

దివిటిపల్లిలో మూడు జెండాలు

2023 మే 6న అప్పటి ఐటీ, పరిశ్రమల మంత్రి కేటీఆర్ దివిటిపల్లిలో అమరరాజా గిగా కారిడార్‌కు శంకుస్థాపన చేశారు. అదే రోజు అక్కడే ఐటీ టవర్ కూడా ప్రారంభించారు. ఆంధ్రాలో జరిగిన గొడవ వల్ల ఇక్కడా కాలుష్యం భయం మొదలైంది. చెరువులు పాడవుతాయేమోనన్న అనుమానాలు వచ్చాయి. ఇది లెడ్ యాసిడ్ ప్లాంట్ కాదు, లిథియం అయాన్ అని, కాలుష్యం ఉండదని మంత్రి చెప్పాల్సి వచ్చింది.

ఏడు నెలలు తిరక్కముందే, 2023 డిసెంబర్‌లో బీఆర్ఎస్ ఓడిపోయింది. ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి కూడా పాలమూరు బిడ్డే. కొడంగల్ ఎమ్మెల్యే, సొంతూరు కొండారెడ్డిపల్లి. మహబూబ్‌నగర్ ఎమ్మెల్యే సీటు కాంగ్రెస్‌కు వెళ్లింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మహబూబ్‌నగర్ ఎంపీగా బీజేపీ నుంచి డీకే అరుణ గెలిచారు. అంటే ఏడాది తిరిగేసరికి దివిటిపల్లి చుట్టూ రాజకీయ పటం మొత్తం మారిపోయింది.

ఇటు గల్లా జయదేవ్ కూడా ఒక నిర్ణయం తీసుకున్నారు. 2024 జనవరి 28న ఎన్నికల రాజకీయాల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. రాజకీయాలు, వ్యాపారం రెండూ ఒకేసారి చేయడం కష్టంగా మారిందన్నది ఆయన మాటల సారాంశం. కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిశారు. సహకరిస్తామని ప్రభుత్వం చెప్పింది.

అంతా సాఫీగా సాగిందా అంటే లేదు. గత ప్రభుత్వం ఇచ్చిన హామీలు అమలు కాకపోతే వేరే దారులు చూసుకోవాల్సి వస్తుందని కంపెనీ అంటున్నట్టు 2024 ఆగస్టులో వార్తలొచ్చాయి. కేటీఆర్ వెంటనే సోషల్ మీడియాలో ప్రభుత్వం మీద విరుచుకుపడ్డారు. అప్పటికి ఆంధ్రాలో మళ్లీ టీడీపీ ప్రభుత్వం వచ్చి రెండు నెలలైంది. దాంతో అమరరాజా తిరిగి సొంత రాష్ట్రానికి వెళ్తుందా అన్న చర్చ కూడా నడిచింది. చివరికి వెళ్లలేదు. దివిటిపల్లిలో బ్యాటరీ ప్యాక్ ప్లాంట్ తొలి దశ అదే నెలలో ప్రారంభమైంది.

2025 మే నెలలో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ దివిటిపల్లి వచ్చారు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ మాన్యుఫాక్చరింగ్ క్లస్టర్ విస్తీర్ణం దాదాపు 377 ఎకరాలు. పథకం కేంద్రానిది, భూమి రాష్ట్రానిది. అమరరాజాతో పాటు బ్యాటరీ క్యాథోడ్ పదార్థం తయారు చేసే ఆల్ట్‌మిన్, పాత బ్యాటరీల నుంచి ఖనిజాలు తీసే లోహం లాంటి కంపెనీల పేర్లు కూడా ఈ క్లస్టర్‌లో ఉన్నాయి.

అంటే మూడు పార్టీలూ దీన్ని తమ ఖాతాలో వేసుకున్నాయి. ఇది మంచికే జరిగింది. ఎవరూ దీన్ని మాది కాదు, కూల్చేద్దాం అనలేదు. పాలమూరులో ఉద్యోగాలు తెచ్చామని చెప్పుకోవడం అందరికీ అవసరమే మరి. ఈ ప్రాజెక్టును కాపాడింది ఏ ఒక్క పార్టీ గొప్పతనమో కాదు, మూడు పార్టీలకూ ఇందులో వాటా కనిపించడమే.

ఫార్ములా ఈకి ఆ అదృష్టం లేదు

అందరికీ వాటా కనిపించకపోతే ఏమవుతుందో చూడాలంటే హైదరాబాద్ వెళ్లాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. దేశంలో ఇలాంటి రేసు జరగడం అదే మొదటిసారి. హైదరాబాద్‌ను ఈవీ రాజధానిగా చూపించాలన్నది అప్పటి ప్రభుత్వ ఆలోచన. ఆ వారంలోనే తెలంగాణ మొబిలిటీ వ్యాలీ పేరుతో పెద్ద ప్రకటన కూడా చేశారు.

రెండో రేసు 2024 ఫిబ్రవరి 10న జరగాలి. ప్రభుత్వం మారింది. జనవరిలోనే నిర్వాహకులు రేసు రద్దు చేశారు. తర్వాత 2024 డిసెంబర్‌లో ఏసీబీ కేసు పెట్టింది. హెచ్ఎండీఏ నుంచి దాదాపు 55 కోట్ల రూపాయలు అనుమతులు లేకుండా విదేశీ సంస్థకు వెళ్లాయన్నది ఆరోపణ. కేటీఆర్‌ను ఏ1గా చేర్చారు. ఈడీ కూడా రంగంలోకి దిగింది. 2025 నవంబర్‌లో ఆయన మీద ప్రాసిక్యూషన్‌కు గవర్నర్ అనుమతి ఇచ్చారు. రాష్ట్రానికి ఈవీ పెట్టుబడులు తేవడానికే రేసు పెట్టామని, ఇందులో అవినీతి లేదని, ఇది రాజకీయ కక్ష అని కేటీఆర్ మొదటి నుంచీ అంటున్నారు. ఆరోపణలు నిజమా కాదా అన్నది కోర్టులే తేల్చాలి.

మనం గమనించాల్సింది ఇంకోటి. ఈ కేసు మీద టీవీల్లో వందల గంటల చర్చ నడిచింది. ఆ రేసు వల్ల రాష్ట్రానికి ఈవీ పెట్టుబడి ఏమైనా వచ్చిందా, వస్తే ఎంత అన్న ప్రశ్న మీద మాత్రం సరైన లెక్కతో చర్చ జరగలేదు. కార్లు పోయాయి, ట్రాక్ పోయింది, కేసు మిగిలింది. తెలంగాణలో ఈవీ అన్న మాట వినగానే చాలామందికి ఇప్పుడు గుర్తొచ్చేది ఛార్జింగ్ స్టేషన్ కాదు, ఏసీబీ ఆఫీసు.

అమెరికాలో జరిగింది వేరు

2023 మార్చిలో న్యూజెర్సీలో మనవాళ్లు టెస్లా కార్లన్నీ ఒకచోట చేర్చి ‘నాటు నాటు’ పాటకు లైట్లు వెలిగించి ఆడించిన వీడియో గుర్తుందా? పాలమూరు, నల్గొండల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ కుటుంబాలకు అప్పట్లో టెస్లా అంటే సక్సెస్ గుర్తు. రాజకీయం ఏమీ లేదు.

రెండేళ్లు తిరిగేసరికి సీన్ మారింది. 2024 ఎన్నికల్లో ట్రంప్ కోసం మస్క్ 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టారు. గెలిచాక ప్రభుత్వ ఖర్చుల కోత పనిలో కూర్చున్నారు. షోరూమ్‌ల ముందు నిరసనలు మొదలయ్యాయి. కొన్నిచోట్ల కార్లు తగలబెట్టారు. 2025 మొదటి మూడు నెలల్లో టెస్లా ప్రపంచవ్యాప్తంగా 3,36,681 కార్లు డెలివరీ చేసింది. అంతకుముందు ఏడాది ఇదే సమయంతో పోలిస్తే 13 శాతం తక్కువ. ప్లాంట్లలో మోడల్ మార్పులు, చైనా కంపెనీల పోటీ కూడా దీనికి కారణాలే. కానీ పర్యావరణం కోసం టెస్లా కొన్నవాళ్లు ఎక్కువగా డెమోక్రాట్ల వైపు ఉండటం, కంపెనీ యజమాని ట్రంప్ వైపు వెళ్లడం ఆ బ్రాండ్‌ను రెండు రకాలుగా దెబ్బతీసింది. పాత కస్టమర్ దూరమయ్యాడు. కొత్త పార్టీ అభిమానులు ఆ స్థాయిలో ఈవీలు కొనలేదు.

చివరికి ట్రంప్ ప్రభుత్వమే కొత్త చట్టంతో ఈవీ కొనేవారికి ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీని 2025 సెప్టెంబర్ 30తో ఆపేసింది. అంత డబ్బు ఖర్చుపెట్టిన మస్క్ కూడా దాన్ని ఆపలేకపోయారు. అధికారంలో ఉన్నవాళ్లకు దగ్గరైతే కంపెనీకి మేలే జరుగుతుందన్న నమ్మకం ఎంత బలహీనమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మన దగ్గర కంపెనీలు దీన్ని వేరే విధంగా దాటడానికి చూస్తున్నాయి. ఎలక్ట్రిక్ బస్సులు తయారు చేసే ఒలెక్ట్రా కంపెనీ మేఘా ఇంజనీరింగ్ గ్రూపుది. 2024 మార్చిలో ఎన్నికల బాండ్ల వివరాలు బయటకొచ్చినప్పుడు మేఘా 966 కోట్ల రూపాయల బాండ్లు కొన్నట్టు తేలింది. అందులో ఎక్కువ భాగం బీజేపీకి, 195 కోట్లు బీఆర్ఎస్‌కు, మిగతాది మరికొన్ని పార్టీలకు వెళ్లింది. బాండ్లకూ, బస్సు ఆర్డర్లకూ ముడిపెట్టి ఇక్కడ ఏమీ అనడం లేదు. ఒక కంపెనీ యజమాని రాజకీయాల నుంచి తప్పుకున్నారు, ఇంకో కంపెనీ అనేక పార్టీలకు విరాళం ఇచ్చింది. దారులు వేరు. రెండింటిలోనూ కనిపించేది మాత్రం ఒకే విషయం. ప్రభుత్వం మారినా నిలబడే హామీ ఉందన్న ధీమా ఉంటే ఈ రెండిటి అవసరం ఇంతగా ఉండేది కాదు.

కొనేవాడి లెక్కలో పార్టీ లేదు

ఇప్పుడు నల్గొండకు వద్దాం. క్లాక్ టవర్ దగ్గర ఆగి ఎలక్ట్రిక్ స్కూటర్ నడుపుతున్నవాళ్లను మీరెందుకు కొన్నారని అడిగి చూడండి. పెట్రోల్ ఖర్చు, కిస్తీ, ఛార్జింగ్, బ్యాటరీ వారంటీ.. మాటలు వీటి చుట్టూనే తిరుగుతాయి. ఉమ్మడి నల్గొండ జనం రాజకీయం బాగా తెలిసినవాళ్లు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో కాంగ్రెస్ నుంచి బీజేపీలోకి వెళ్లి పోటీ చేసిన నాయకుడు, ఏడాదికే మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి గెలవడం చూశారు. నాయకుడు కండువా మార్చినంత తేలిగ్గా జనం బండి మార్చలేరు. కాబట్టి వాళ్లు చూసేది లెక్క.

ఆ లెక్కను మార్చేది మాత్రం ప్రభుత్వాలే. 2020 అక్టోబర్ 30న బీఆర్ఎస్ ప్రభుత్వం పదేళ్ల ఈవీ పాలసీ తెచ్చింది. మొదటి 2 లక్షల టూవీలర్లకు, మొదటి 5,000 సొంత కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ఉండవని ఇలా ఒక్కో రకానికి ఒక పరిమితి పెట్టింది. కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక 2024 నవంబర్‌లో జీవో 41 ఇచ్చింది. సంఖ్య పరిమితి తీసేసింది. నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ముందు ప్రభుత్వం పాలసీ అని చించేయకుండా, దాన్ని ఇంకాస్త పెంచి కొనసాగించడం మంచి పని. ఫార్ములా ఈ విషయంలో కత్తులు దూసుకున్న రెండు పార్టీలూ స్కూటర్ కొనేవాడి విషయంలో మాత్రం ఒకే దారిలో నడిచాయి. అయితే జీవోకి గడువుంది. ఆ తర్వాత ఏంటి? గడువు దగ్గర పడేదాకా చెప్పకపోతే డిసెంబర్‌లో షోరూమ్‌ల ముందు క్యూలు, జనవరిలో ఖాళీ షోరూమ్‌లు చూడాల్సి వస్తుంది.

కేంద్రం సబ్సిడీతో ఇది ఇప్పటికే చూశాం. ఫేమ్ 2 పథకంలో టూవీలర్లకు కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయలు వచ్చేది. 2023 జూన్ 1 నుంచి దాన్ని 10,000కు, బండి ధరలో 40 శాతం ఉన్న పరిమితిని 15 శాతానికి తగ్గించారు. 2024 మార్చి 31తో ఆ పథకమే ముగిసింది. అదే ఏడాది అక్టోబర్ 1న పీఎం ఈ-డ్రైవ్ వచ్చింది. మొదటి ఏడాది కిలోవాట్ అవర్‌కు 5,000, రెండో ఏడాది 2,500. తగ్గించడం తప్పు కాదు. సబ్సిడీ ఎప్పటికీ ఉండకూడదు కూడా. కానీ ముందే చెప్పి తగ్గించడం వేరు, ఉన్నట్టుండి తగ్గించడం వేరు. ఊళ్లో చిన్న డీలర్‌షిప్ పెట్టుకున్నవాడు, కిస్తీల మీద ఆటో తీసుకుందామనుకున్నవాడు ఈ తేడాకే నలిగిపోతాడు.

బస్సుల సంగతి కూడా ఇంతే. 65వ నెంబర్ జాతీయ రహదారి మీద హైదరాబాద్, విజయవాడ మధ్య ఈ-గరుడ బస్సులు 2023 మేలో బీఆర్ఎస్ హయాంలో మొదలయ్యాయి. తర్వాత కాంగ్రెస్ హయాంలో జిల్లాలకు ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించినప్పుడు నల్గొండ, సూర్యాపేట డిపోల పేర్లు కూడా జాబితాలో ఉన్నాయి. పీఎం ఈ-డ్రైవ్ కింద కేంద్రం హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించింది. బీజేపీ కేంద్రం, కాంగ్రెస్ రాష్ట్రం. బస్సు దగ్గరికొచ్చేసరికి గొడవ లేదు. ఎందుకంటే బస్సెక్కేవాళ్లు అన్ని పార్టీలకూ ఓటర్లే.

కరెంటు ఎక్కడిది?

ఈవీ గురించి మాట్లాడేటప్పుడు మనం మర్చిపోయే ప్రశ్న ఇది. దీనికి సగం జవాబు నల్గొండ జిల్లా దామరచర్లలో ఉంది. అక్కడి యాదాద్రి థర్మల్ ప్లాంట్ సామర్థ్యం 4,000 మెగావాట్లు. 2015లో కేసీఆర్ శంకుస్థాపన చేశారు. పర్యావరణ అనుమతుల మీద కేసులు నడిచాయి. కాంగ్రెస్ వచ్చాక విద్యుత్ ఒప్పందాలు, ఈ ప్లాంట్ల నిర్మాణం మీద విచారణ కమిషన్ వేసింది. అదే ప్రభుత్వం 2024 డిసెంబర్ 7న అక్కడ 800 మెగావాట్ల యూనిట్‌ను ప్రారంభించింది. విచారణా మనదే, ప్రారంభోత్సవమూ మనదే అన్నమాట.

బొగ్గు కరెంటుతో ఛార్జ్ చేసే బండి పొగను హైదరాబాద్ రోడ్ల నుంచి తగ్గిస్తుంది నిజమే. దామరచర్ల ఆకాశంలోంచి తగ్గించదు. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నలిగిన జిల్లా ఇది. పట్నం గాలి బాగుపడటం కోసం మా ఊరి గాలి ఎందుకు పాడవ్వాలని నల్గొండవాళ్లు అడిగితే అందులో తప్పేముంది? బొగ్గు ప్లాంట్ అవినీతా, అభివృద్ధా అన్న వాదన చాలా జరిగింది. పగటిపూట సోలార్ కరెంటుతో బస్సు డిపోల్లో ఎంత ఛార్జింగ్ చేయొచ్చన్న మాట మాత్రం పెద్దగా వినిపించలేదు.

ఇంకో చీలిక: సరిహద్దు అవతల

మన పార్టీల గొడవ కంటే పెద్దది ఇంకోటుంది. అది చైనాతో. ప్రపంచంలో లిథియం బ్యాటరీల తయారీలో చైనాదే పైచేయి. 2020లో సరిహద్దు దేశాల పెట్టుబడులకు కేంద్రం అనుమతి తప్పనిసరి చేసింది. 2023లో మేఘా గ్రూపుతో కలిసి వంద కోట్ల డాలర్లతో హైదరాబాద్‌లో ఈవీ ప్లాంట్ పెడతామని చైనా కంపెనీ బీవైడీ ప్రతిపాదించింది. భద్రతా కారణాలతో కేంద్రం ఆ జులైలో తిరస్కరించింది. అమరరాజా కూడా ఎల్ఎఫ్‌పీ సెల్ టెక్నాలజీ కోసం 2024 జూన్‌లో గోషన్ ఇనోబాట్ అనే సంస్థతో లైసెన్స్ ఒప్పందం చేసుకుంది. గోషన్ మూలాలు చైనావే. 2025 జులైలో చైనా తన వంతుగా బ్యాటరీ క్యాథోడ్ టెక్నాలజీ ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది.

దివిటిపల్లి క్లస్టర్‌లో క్యాథోడ్ పదార్థం తయారు చేసే కంపెనీ ఉండటం ఎందుకు ముఖ్యమో ఇప్పుడు అర్థమవుతుంది. సెల్ ఇక్కడ తయారైనా, అందులోని పొడి చైనా నుంచే రావాలంటే స్వదేశీ అన్న మాటకు అర్థం ఉండదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. బ్యాటరీ సెల్ తయారీ కోసం కేంద్రం 2021లో 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం తెచ్చింది. 2022లో తొలి విడత ఎంపికైన కంపెనీల్లో అమరరాజా లేదు. ఆ డబ్బు లేనప్పుడు రాష్ట్రం ఇస్తామన్న ప్రోత్సాహకాలే ఎక్కువ ముఖ్యమవుతాయి. 2024 ఆగస్టులో హామీల అమలు గురించి వచ్చిన మాటలను ఈ కోణంలో చూడాలి. అది బెదిరింపా, వ్యాపారమా అని పార్టీలు వాదించుకున్నాయి. అసలు ప్రశ్న, ఇస్తామన్నది ఎంత, ఇచ్చింది ఎంత అన్నది. ఆ లెక్క జనం ముందు పెట్టి ఉంటే వాదనే ఉండేది కాదు.

మరి పాలమూరు ఏం అడగాలి?

సెల్ ఫ్యాక్టరీ పదేళ్ల పని. మన దగ్గర ప్రభుత్వం ఐదేళ్లది. ఈ రెండింటి మధ్య గ్యాప్‌ను పూడ్చేది నాయకుడి మాట కాదు, రాసి పెట్టిన ఒప్పందం. కాబట్టి మొదట అడగాల్సింది, ఈ క్లస్టర్‌లో ఒక్కో కంపెనీకి ప్రభుత్వం ఇచ్చిన భూమి, రాయితీలు, దానికి బదులు కంపెనీ ఇస్తామన్న పెట్టుబడి, ఉద్యోగాలు.. ఏటా ఒక్క పేజీలో ప్రకటించాలి. అది వస్తే క్రెడిట్ ఎవరిదని కొట్టుకోవాల్సిన పని ఉండదు.

రెండోది ఉద్యోగాలు. సెల్ తయారీలో ఆటోమేషన్ ఎక్కువ. పని తెలిసినవాళ్లనే తీసుకుంటారు. పోలేపల్లి సెజ్ కోసం భూములిచ్చిన రైతులు 2009లో ఎన్నికల బరిలోకి దిగి మరీ తమ గోడు చెప్పుకున్న చరిత్ర ఈ జిల్లాది. దివిటిపల్లి ఫ్యాక్టరీ గేటు దగ్గర స్థానికుడు సెక్యూరిటీ గార్డుగా మాత్రమే కనిపిస్తే మళ్లీ అదే కథ. ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో బ్యాటరీ కోర్సులు ఎన్ని సీట్లతో మొదలయ్యాయి, అందులో ఎంతమంది లోపలికి వెళ్లారు అన్నది అడగాలి.

మూడోది కాలుష్యం. లిథియం ప్లాంట్‌లో సీసం ఉండదు, నిజమే. కానీ సాల్వెంట్లు ఉంటాయి, నీళ్ల వాడకం ఉంటుంది, పాత బ్యాటరీలు విప్పే చోట లోహాలు ఉంటాయి. చిత్తనూరు దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ మీద, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇంకో ఇథనాల్ ప్లాంట్ మీద జనం ఎలా తిరగబడ్డారో ఈ మధ్యే చూశాం. వాటినీ పచ్చ ఇంధనం అనే పిలిచారు. జనాన్ని ముందే నమ్మించకుండా, నీళ్ల పరీక్షల రిపోర్టు ఊరి పంచాయతీ గోడ మీద అంటించకుండా, పోలీసుల కాపలాతో పని మొదలుపెడితే ఏమవుతుందో అక్కడ తేలిపోయింది. ఆంధ్రాలో అమరరాజా విషయంలో జరిగిన తప్పు కూడా అదే. పరీక్ష ఫలితాన్ని నమ్మడానికి కూడా పార్టీ చూడాల్సి వచ్చింది. ఇక్కడ అలా జరగకూడదంటే పరీక్షలు గొడవ మొదలయ్యాక కాదు, ఇప్పుడే మొదలవ్వాలి.

ఈవీ విషయంలో మనకు ఒక వెసులుబాటు ఉంది. అమెరికాలో లాగా మన ఇళ్లలో బండి పార్టీ గుర్తు కాలేదు. బీఆర్ఎస్ కార్యకర్త, కాంగ్రెస్ కార్యకర్త, బీజేపీ కార్యకర్త ఒకే కంపెనీ స్కూటర్ మీద ఒకే ఛార్జింగ్ పాయింట్ దగ్గర ఆగుతున్నారు. పాలమూరు యువకుడికి దివిటిపల్లి గేటు తెరుచుకోవాలి, నల్గొండ ఆటో డ్రైవర్ కిస్తీ లెక్క తప్పకూడదు. ఎవరు గెలిచినా ఈ రెండూ మారకూడదు. 2026 డిసెంబర్ 31 తర్వాత రోడ్ ట్యాక్స్ సంగతేంటో ప్రభుత్వం ఎంత ముందుగా చెబుతుందన్నదే దీనికి మొదటి పరీక్ష.